ఒరిజినల్

సైదాబాద్ తాసిల్దార్ ఆఫీసు గోడకు ఆనుకొని
నా జిరాక్స్ షాపు.
రేకు మీద నేనే రాసిన అక్షరాలు:
ఆదాయం, కులం, స్కాలర్‌షిప్ ఫారాలు నింపబడును.
'నింపబడును'ల సున్న ఎండకు పెచ్చు లేచి ఊడింది.
అయినా జనం నింపించుకుంటనే ఉన్నరు.

ఈ బస్తీల ఎవరి సంపాదనెంతో నాకెరుకే.
పాలపాకెట్లేసే బుచ్చిలింగం, లక్షా నలభై వేలు.
కుట్టుమిషన్ అంజుమ్ ఆపా, లక్షా నలభై వేలు.
మొగుడు పోయిన ఈశ్వరమ్మది, మొగుడున్న బాలమణిది
ఇద్దరిదీ అదే.
ఎంత రాయాలె అని అడిగితే
ఎంత రాస్తె పిల్ల చదువుతదో అంత రాయన్నా అంటరు.
నా కీబోర్డు మీద
ఒకటి, నాలుగు, సున్న అరిగిపోయినయి.

మిషన్ మీద ఆపా వేలు పడదు.
సూది పొడిచి పొడిచి
కొన మీద గీతలన్ని కలిసిపోయినయి.
ఎర్ర లైటు వెలుగుతది,
ఈ మనిషి ఈ మనిషి కాదని.
చున్నీకి తుడుచుకొని, నోటి ఆవిరి పట్టి
ఫిర్ సే దేఖో భయ్యా అంటది,
తప్పేదో తనే చేసినట్టు.

ఇగ నా ఇంటి సంగతి.
నవనీతది మొదటేడు ఫీజు వచ్చింది.
రెండో ఏడుది సగం.
మిగిలింది శాంక్షన్ అయింది, బిల్లయింది,
టోకెన్ పడ్డది.
టోకెనంటె మా అమ్మకు తెలిసింది
బ్యాంకుల ఇచ్చే ఇత్తడి బిళ్ళ.
గుప్పిట్ల పట్టుకొని కూసుంటె
అన్నం యాళ్ళకన్న పిలిచేటోళ్ళు.
ఇది పదకొండంకెల నంబరు.
గుప్పిట్లకు రాదు.
ఎవ్వరు పిలువరు.

కాలేజీ క్లర్కు మంచోడే, కుర్చీ ఏసిండు.
సర్కారు మాకియ్యలే, మేం మీకెట్లిస్తమన్నా,
మీరు కట్టి మెమో తీస్కపోండి,
పైసలొచ్చినంక వాపసిస్తం.
వాపసు అనేటప్పుడు మాత్రం
నా మొహం దిక్కు చూడలే.
ఆయనకు ఆర్నెల్ల సంది జీతం లేదట.
ఆ కాలేజీ లెక్కల సారే మొన్న నా షాపుకొచ్చి
లోన్ ఫారం నింపించుకున్నడు.
ఆదాయం దగ్గర కలం ఆపి
నవ్విండు.

సోమవారం ఉప్పల్ కంపెనీల
ఒరిజినల్ చూపియ్యాలె.
పిల్ల చేతిల ఉన్నది జిరాక్సుకు జిరాక్స్.
ముద్ర నల్ల మరకయింది, సంతకం పురుగైంది.
నేనింకో కాపీ తీసిన, డార్క్ పెంచి.
కాగితమే నల్లబడ్డది.
పదారేండ్లు ఈ మిషన్ ముందు నిలబడి
లక్షల కాగితాలు తీసినోన్ని,
ఒక్క ఒరిజినల్ తీయ చాతకాలే.

చిన్నప్పుడు ఈ అద్దం మీదనే
అరచెయ్యి బోర్లపెట్టి
నా చెయ్యి తియ్యి డాడీ అనేది.
ఆ కాగితం ఇంక నా పర్సులనే ఉన్నది.
మడత కాడ గీతలు రాలిపోయినయి.
వేళ్ళున్నయి, అయిదు.

ఆదివారం పొద్దూకినంక
షటరు సగం దించుతుంటె వచ్చింది.
ఏమైందని నేనడగలే,
చెప్పలే.
స్టూలు జరుపుకొని కూసుంది.
గప్పుడే వంగి లోపలికొచ్చిండు ఒక పోరడు,
ఇంటర్ పాసైండంట, చేతిల పాలిథిన్ కవరు,
కవర్ల కొత్త మెమో,
మూల కూడ మడత పడనిది.
అక్కా, ఫీజు ఎన్నిరోజులల్ల వస్తది?

బిడ్డ నా దిక్కు చూసింది.
నేను టోనరు డబ్బా దిక్కు చూసిన.

ఫోన్ నంబర్ మార్చకు తమ్మీ, అన్నది.
మెసేజ్ వస్తది.
జర సేపాగి,
ఆ మెమో కవర్లనే ఉంచు,
కాపీలు రెండు కాదు
పది తీసుకో.